ఫోర్ట్ బెండ్ కౌంటీ కోసం మన ప్రార్థనలు: వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియమైన సభ్యులకు వందనములు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు, మన తెలుగు క్రైస్తవ సహవాసపు బుధవారం విజ్ఞాపన కూడికలను ఈ ఏడాది టెక్సాస్‌లో మనం కాపురముంటున్న ఫోర్ట్ బెండ్ కౌంటీ కోసమే కేటాయించాం. వీసాలు, ఉద్యోగాలు, పిల్లల చదువుల కోసం చేసే ప్రార్థనలు గృహ కూడికల్లో ఎప్పటిలాగే సాగాయి. బుధవారం మాత్రం ముందు ఈ నేల చరిత్ర చదివి, ఆ తర్వాత ఇక్కడివారి అవసరాలను ఒక్కొక్కటిగా దేవుని సన్నిధిలో పెట్టాం. నెహెమ్యా యెరూషలేము గోడలు కట్టించడానికి ముందు రాత్రివేళ తిరిగి, కూలిన చోట్లను కళ్లారా చూశాడు. ఏ ఊరి కోసం ప్రార్థిస్తామో ఆ ఊరిని ముందు ఎరిగి ఉండాలన్నదే కార్యవర్గం ఉద్దేశం.

1837లో ఏర్పడిన ఈ కౌంటీ బ్రజోస్ నది ఒండ్రు నేలల్లో చెరకు, పత్తి పంటలతో ఎదిగింది. ఆ చాకిరీ అంతా బానిసలదే. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ, నేరానికి శిక్షగా చేయించే వెట్టిని మాత్రం మినహాయించడంతో, ఖైదీలను తోటలకు అద్దెకిచ్చే పద్ధతికి దారి మిగిలింది. 1878లో ఎడ్వర్డ్ కన్నింగ్‌హామ్, లిటిల్‌బెరీ ఎల్లిస్ అనే ఇద్దరు తోటల యజమానులు రాష్ట్రంలోని ఖైదీలందరినీ గుత్తకు తీసుకున్నారు. 2018 ఫిబ్రవరిలో ఈ కౌంటీలోని షుగర్ ల్యాండ్ పట్టణంలో పాఠశాల భవనానికి పునాదులు తవ్వుతుండగా 95 మంది అస్థికలు బయటపడ్డాయి. వారంతా ఆ పద్ధతి కింద పనిచేస్తూ ప్రాణాలు విడిచిన నల్లజాతి ఖైదీలని పరిశోధకులు తేల్చారు. అక్కడ సమాధులు ఉండవచ్చని రెజినాల్డ్ మూర్ అనే మాజీ జైలు ఉద్యోగి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే హెచ్చరిస్తూ వచ్చారు. 2019 నవంబరులో ఆ 95 మందిని ఆ నేలలోనే తిరిగి సమాధి చేశారు.

ఆ స్థలాన్ని దర్శించి ప్రార్థించిన తర్వాత, మనం చేయని పాపానికి మనం ఒప్పుకోలు ప్రార్థన చేయడమేమిటని కొందరు సభ్యులు అడిగారు. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు గనుక అనేక వారాలు చర్చించాం. నెహెమ్యా తన పితరుల పాపాన్ని తనదిగా చేర్చుకొని ఒప్పుకున్నాడు. అదీగాక టెల్ఫేర్ వంటి కాలనీలు ఒకప్పటి జైలు పొలాల్లో వెలసినవే. ఈ నేల ఇచ్చే సుఖం మనదైనప్పుడు దాని దుఃఖంలోనూ మనకు పాలు ఉంటుందని కార్యవర్గం గట్టిగా నమ్ముతోంది.

ఓటుహక్కు చరిత్ర చదివిన బుధవారం మన పెద్దలు ఎక్కువగా మాట్లాడారు. బానిసగా పుట్టిన వాల్టర్ మోజెస్ బర్టన్ 1869లో ఈ కౌంటీకి షెరీఫ్‌గా, అంటే పోలీసు అధిపతిగా, ఎన్నికై, తర్వాత రాష్ట్ర సెనేటర్ అయ్యారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి తెల్లవారు నల్లజాతి అధికారులను తరిమివేసి, 1889లో జేబర్డ్ సంఘం స్థాపించి, అసలు ఎన్నికలకు ముందే అభ్యర్థులను ఎంచుకునే, తమకు మాత్రమే పరిమితమైన ఎన్నికలు నడిపారు. 1953లో సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా అసలు నిర్ణయం అక్కడే జరిగిపోయేది. ఊరి బావి దగ్గరికి రానివ్వని కాలాన్ని ఇంట్లో విని పెరిగిన కుటుంబాలు మనలో ఉన్నాయి కాబట్టి, ఇది ఎవరికీ పరాయి కథగా తోచలేదు. పౌరసత్వం పొందిన సభ్యులు ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఆ నెలలోనే సాయపడ్డాం. ఏ పార్టీ గురించీ మాట్లాడలేదు.

2020 జనగణన ప్రకారం కౌంటీ జనాభా 8,22,779. అందులో ఐదో వంతుకు పైగా ఆసియా మూలాలవారు. మన కుటుంబాల్లో అందరికన్నా ఒంటరిగా ఉన్నది పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులే. కారు నడపలేరు, పగలంతా ఇంట్లో మాటకు మనిషి ఉండరు. వారి కోసం పగటి ప్రార్థన కూడిక మొదలుపెట్టాం. కౌంటీ ప్రజా రవాణా సంస్థ ఫోర్ట్ బెండ్ ట్రాన్సిట్ వాహనాన్ని ముందుగా బుక్ చేసుకోవడం నేర్పాం. ఆసుపత్రికి తోడు వెళ్లి తెలుగులో వివరించేవారి జాబితా తయారుచేశాం. ఇంట్లో హింసను భరిస్తున్న స్త్రీల కోసం కూడా ప్రార్థించాం. సాయం కోరినవారి వివరాలు ఈ నివేదికలో గానీ మరే కాగితంలో గానీ ఉండవు.

ఆహార పంపిణీలో ఎవరి మతమూ అడగలేదు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం ఎవరూ మతంలోకి రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపాడు. మనకు అదే పద్ధతి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది ప్రార్థనలు వరదల మీద నిలుస్తాయి. 2017లో హార్వీ తుపానుకు రిచ్‌మండ్ వద్ద బ్రజోస్ 55 అడుగులు దాటింది. బార్కర్ జలాశయం నీరు నిలిచే పరిధిలోనే ఇళ్లు కట్టి అమ్మడం వల్ల, నది ఒడ్డున లేనివారి ఇళ్లు కూడా మునిగాయి. కరకట్టల నిర్వహణ జరిపే లెవీ డిస్ట్రిక్టుల బోర్డు సభ్యుల కోసం ప్రార్థించడంతోపాటు, వారి బహిరంగ సమావేశాలకు మనవారు హాజరుకావాలని ప్రతిపాదిస్తున్నాం. తుపానుల కాలం జూన్ 1న మొదలవుతుంది గనుక, పడవ, పెద్ద వాహనం, ఖాళీ గది ఉన్నవారు మే నెలాఖరులోగా కార్యదర్శి వద్ద తమ పేరు, వీధి రాయించవలసిందిగా మనవి.