వార్షిక నివేదిక: మన పార్కుకు వచ్చిన తెల్ల పిచ్చుక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నడకదారి మరమ్మతులు, మొక్కలు నాటడం అనుకున్నట్టే పూర్తయ్యాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సభ్యులు ఎక్కువగా అడిగింది మాత్రం పిట్టలకు గింజలు పోసే ఫీడర్ల దగ్గరికొచ్చిన ఆ తెల్లపిట్ట గురించే.

ఎవరి పంజరంలోంచో తప్పించుకొచ్చిన జావా పిచ్చుక అయ్యుంటుందని మొదట చాలామంది అన్నారు. కానీ తెల్లరకం జావా పిచ్చుకకు ముక్కు ఎర్రగా ఉంటుంది. దీనిది అచ్చం ఊరపిచ్చుక ముక్కే, పొట్టిగా, లావుగా, గింజ పగలగొట్టడానికి వీలుగా. అరుపూ అదే. కుడి రెక్కలో రెండు మూడు ఈకలు గోధుమరంగులోనే మిగిలిపోయాయి. కన్ను మిరియపు గింజలా నల్లగా ఉంది. ఇది తెల్లగా ఎందుకుందో ఆ కన్నే తేల్చింది. ఆల్బినో పక్షి ఒంట్లో మెలనిన్ అనే రంగు పదార్థం తయారుకాదు కాబట్టి దాని కళ్లు ఎర్రగానో గులాబీరంగులోనో కనిపిస్తాయి. కన్ను నల్లగా ఉండి ఈకలకు మాత్రం రంగు లేకపోతే దాన్ని ల్యూసిజం అంటారు. కాబట్టి వచ్చింది ల్యూసిజం ఉన్న ఊరపిచ్చుకే. చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లోనూ అలాగే నమోదు చేసి, ఫోటో జతచేశాం.

మెలనిన్ ఈకకు రంగుతో పాటు గట్టిదనాన్నీ ఇస్తుంది. అది లేని తెల్ల ఈకలు త్వరగా అరిగిపోతాయి. పైగా గుంపులో కొట్టొచ్చినట్టు కనబడే పిట్ట మీద డేగ కన్ను త్వరగా పడుతుంది. అందుకే ఫోటోల కోసం దగ్గరికి వెళ్లొద్దని బోర్డు పెట్టాం. పిట్టలు చటుక్కున దాక్కునేలా ఫీడర్లను పొదల వైపు జరిపాం. పిల్లి మాటువేసేంత దగ్గరగా మాత్రం పెట్టలేదు.

పట్టి పంజరంలో ఉంచితే క్షేమంగా ఉంటుందని ఒకరిద్దరు సూచించారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. తోటివాటితో కలిసి దుమ్ములో పొర్లుతూ, గింజల కోసం కీచులాడుకుంటూ హాయిగా బతుకుతున్న పిట్టను బంధించడం దాన్ని కాపాడటం కాదని మా గట్టి అభిప్రాయం.

ఫీడర్ల శుభ్రత గురించి ఒక మాట. పిట్టలు ఒకేచోట గుమిగూడి తింటే జబ్బులు సులువుగా అంటుకుంటాయి. బ్రిటన్‌లో 2005 తర్వాత గ్రీన్‌ఫించ్‌లనే చిన్న పిట్టలు భారీగా తగ్గిపోవడానికి ట్రైకోమోనోసిస్ అనే జబ్బే కారణం. అది కలిసి తినేచోట, తాగేచోట ఎంగిలి ద్వారా పాకుతుంది. ఇకపై రెండు వారాలకోసారి ఫీడర్లను ఖాళీచేసి, కడిగి, బాగా ఆరాకే గింజలు పోస్తాం. నీళ్ల గిన్నెలు రోజూ మార్చాలి. ఈకలు ఉబ్బించుకుని, ఎగరకుండా మగతగా కూర్చున్న పిట్ట కనిపిస్తే వెంటనే చెప్పండి, ఫీడర్లను కొన్నాళ్లు తీసేస్తాం.

ఈ పనుల్లో వంతు తీసుకోవాలనుకునేవారు సర్వసభ్య సమావేశంలో పేర్లివ్వగలరు.

ఇట్లు,
కార్యవర్గం