మన బోన్సాయ్ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది నెలవారీ మీటింగులు ఒక్కటి కూడా ఆగలేదు, వానాకాలంలో కుండీలు మార్చే వర్క్‌షాప్ రెండుసార్లు పెట్టాం, కడియం నర్సరీలకి బస్సు వేసుకుని వెళ్లొచ్చాం. మీటింగులకి మేడ ఇస్తున్న అమ్మగారికి, కుండీలు సగం ధరకే ఇచ్చిన కుమ్మరి అన్నకి, ప్రతిసారీ టీ టిఫిన్లు చూసుకున్న ట్రెజరర్ గారి ఇంట్లోవాళ్లకి పేరుపేరునా థ్యాంక్స్.

మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మాత్రం జనవరి ఎగ్జిబిషన్ గురించే. హాలు పర్మిషన్ కోసం ఆఫీసు చుట్టూ ముందురోజు సాయంత్రం దాకా తిప్పారు, వాలంటీర్లుగా పేర్లిచ్చిన 14 మందిలో వచ్చింది 5 మందే, మిగతావాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు, అయినా కుండీల్లో చిన్నగా తీర్చిదిద్దిన 60కి పైగా చెట్లు తెల్లారేసరికి బల్లలెక్కాయి.

ఫస్ట్ ప్రైజ్ ఒక జువ్వి చెట్టుకి వచ్చింది. చెట్టు ముందు పెట్టిన కార్డు మీద ఓనర్ పేరొక్కటే వేశాం. ఆ చెట్టుని పాత గోడ పగులులోంచి తీసుకొచ్చి, పదిహేనేళ్లు లోహపు తీగ చుట్టి కొమ్మలు కిందికి వంచింది మన సీనియర్ సభ్యులు, ఆయన ఇప్పుడు లేరు. వాళ్లమ్మాయి ఎగ్జిబిషన్‌కి వచ్చి, కింది కొమ్మ మీద మెలికలుగా ఉన్న మచ్చని వేలితో తడుముతూ "నాన్న తీగ విప్పడం మర్చిపోయినప్పటిదండీ ఇది" అంది. తర్వాత కార్డు వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత మీటింగ్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది. డబ్బు పెట్టి కొని బతికించుకుంటున్నది ఓనరే కదా అని కొందరు, డిజైన్ చేసినవాళ్లదే కళ అని కొందరు. నా మాట చెప్తాను. వాషింగ్టన్ నేషనల్ ఆర్బోరెటమ్‌లో, అంటే అక్కడి చెట్ల తోటలో, 'గోషిన్' అనే 11 చెట్ల బోన్సాయ్ వనం ఉంది, అమెరికా బోన్సాయ్ కళాకారుడు జాన్ నాకా 1948లో మొదలుపెట్టి 1984లో ఇచ్చేశారు, ఆయన 2004లో పోయారు, కానీ చెట్లు పెరగడం ఆగదుగా, కత్తిరించే చేతులు వేరు, పేరు మాత్రం ఆయనదే. అక్కడే 1625 నుంచి పెంచుతున్న పైన్ ఉంది, 1945లో హిరోషిమా బాంబుని తట్టుకున్నది, 1976లో ఇచ్చిన యమాకి గారి పేరుతోనే పిలుస్తారు, అంతకుముందు మూడొందల ఏళ్లు దాన్ని చూసుకున్నవాళ్లలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు?

బొమ్మ గీసి గోడకి తగిలిస్తే అలాగే ఉంటుంది. జువ్వి అలా కాదు, ఎదిగే సీజన్లో రెండు నెలలు వదిలేస్తే తీగ బెరడులోకి దిగిపోతుంది, మే నెల బెజవాడ ఎండకి రెండు రోజులు నీళ్లు తప్పితే చెట్టే దక్కకపోవచ్చు. ఓనర్ గారింటి తోటమాలి పొద్దున్నే ప్రతి కుండీలో వేలు గుచ్చి తడి చూసి మరీ నీళ్లు పోస్తాడు. అతని పేరు కూడా పడాలి అంటాను, దీన్ని పట్టుకుని ఎవరు నవ్వినా సరే.

కాబట్టి వచ్చే ఎగ్జిబిషన్ నుంచి కార్డు మీద మూడు వరసలు పెట్టాలని తీర్మానం తెస్తున్నాను: ఇప్పటి ఓనరు, ఏ ఏ సంవత్సరాల్లో ఎవరు తీర్చిదిద్దారు, రోజూ ఎవరు చూసుకుంటున్నారు. జువ్వికి కొత్త కార్డు ఇప్పటికే రాయించాం, ఓనర్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు, వారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాస్త మిగిలింది, కాపీ ట్రెజరర్ గారి దగ్గరుంది. మీ చెట్ల పాత చరిత్ర, ఎవరి దగ్గర కొన్నారో, వాళ్లకి ఎక్కడిదో, డిసెంబర్ 10 లోపు నాకు రాసి పంపండి. వాలంటీర్లుగా పేర్లిచ్చేవాళ్లు ఈసారి వచ్చేటట్టయితేనే ఇవ్వండి.

మీ సెక్రటరీ