ఇంజన్ అరుగుదల లెక్క సరిచేయండి: సిమ్యులేటర్ విమానంపై ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

విషయం: కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం మీరు అమ్మిన నాలుగు సిలిండర్ల శిక్షణ విమానంలో ఇంజన్ అరుగుదల, మెయింటెనెన్స్ లోపాలు.

అయ్యా,

ఎలా నడిపితే ఇంజన్ అలా అరుగుతుందని మీరు ప్రకటించారు. ఆ మాట నమ్మే ఈ విమానం కొన్నాం. విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచి నడుపుతూ ప్రతి ఫ్లైట్ తర్వాత ఇంజన్ పరిస్థితి చూపే హ్యాంగర్ పేజీలోని అంకెలు రాసుకుని పోల్చి చూశాం. లెక్క కుదరడం లేదు.

ముందుగా కోల్డ్ స్టార్ట్, అంటే చల్లారి ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చెయ్యడం. డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలున్నా, మే మధ్యాహ్నం 36 ఉన్నా, మీరు సిలిండర్లకు రాసే నష్టం ఒక్కటే. చలికి ఆయిల్ చిక్కబడి లోపలి భాగాలకు ఆలస్యంగా చేరినప్పుడు ఈ అరుగుదల ఎక్కువవుతుంది. విమాన ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ వారు తమ ఇంజన్లలో చాలావాటికి ప్రీహీట్ (స్టార్ట్‌కు ముందే వేడి) చెయ్యమనేది మైనస్ 12 డిగ్రీల కిందికి దిగితేనే.

మా ఊళ్లో ఇంజన్‌ను తినేసేది చలి కాదు, ఉప్పుగాలి. బీచ్ రోడ్డులో రంగు వెయ్యని ఇనప గేటు గతే దానికీ పడుతుంది. ఈ ఇంజన్లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కి పైన ఉంటుంది. విమానం రోజుల తరబడి కదలకపోతే ఆయిల్ కిందికి జారిపోయి, క్యామ్‌షాఫ్ట్‌కుండే నున్నటి ఉబ్బు (లోబ్) మీద తేమ చేరి, తుప్పు చుక్కలు లేస్తాయి. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు గరుకెక్కిన ఆ లోబ్, తనకు ఆని ఉండే ట్యాపెట్ ముఖాన్ని గీకేస్తుంది. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే ఇనప రజను తళుక్కుమంటుంది. లోబ్ అరిగేకొద్దీ వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, పవర్ పడిపోతుంది. అందుకే నెలకోసారైనా, ఆయిల్ 165 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉండేలా గంటసేపు ఎగరాలి. నేలమీద పది నిమిషాలు తిప్పి ఆపేస్తే తేమ పోకపోగా మరింత చేరుతుంది. మీ విమానం మాత్రం రెండు నెలలు నిలిపి ఉంచినా ‘ఇంజన్ 100 శాతం’ అనే చూపిస్తోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది తప్పుడు పాఠం, మా అసలు బాధ ఇదే.

స్పార్క్ ప్లగ్గుల సంగతి. ఇంధనం ఎక్కువ కలిసిన రిచ్ మిక్స్చర్‌తో నేలమీద ట్యాక్సీ చేస్తే వాటికి మసి పడుతుంది, ప్లగ్గులకు కరెంటిచ్చే రెండు మాగ్నెటోల్లో ఒక్కదానితోనే నడిపి చూసే మాగ్నెటో చెక్‌లో 1800 ఆర్పీఎం దగ్గర వేగం తగ్గుదల (డ్రాప్) 150 దాటుతుంది. అక్కడిదాకా మీరు చక్కగా చూపించారు. కానీ ఇంధనం తగ్గించి (లీన్ చేసి), 2000 ఆర్పీఎం దగ్గర కాసేపు నడిపితే చాలాసార్లు మసి కాలిపోతుంది. మీ దాంట్లో ప్లగ్గులు మారిస్తే తప్ప డ్రాప్ తగ్గదు.

ఇక కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత పట్టి ఉంచుతుందో చూపే అంకె: నాలుగు సిలిండర్లకూ ఎప్పుడూ ఒకే అంకె. పైగా ‘ఆయిల్ మార్చు’ నొక్కగానే 80కి 62 ఉన్నది 78 అయిపోతోంది. ఆయిల్ మార్చినంత మాత్రాన కాలిన ఎగ్జాస్ట్ వాల్వ్ బాగుపడదు కదా!

వచ్చే అప్‌డేట్‌లో కోల్డ్ స్టార్ట్ నష్టాన్ని బయటి ఉష్ణోగ్రతకు ముడిపెట్టండి. నిలిపి ఉంచిన రోజులు, గాలిలో తేమను బట్టి తుప్పు లెక్కించండి. సిలిండర్లను విడివిడిగా అరగనివ్వండి, లీన్ చేస్తే ప్లగ్గులు శుభ్రపడేలా చూడండి. మా నమోదులు, సేవ్ ఫైళ్లు అడిగితే పంపుతాం. 15 రోజుల్లో సరిచేసే తేదీ చెప్పండి, లేదంటే డబ్బు వాపసు ఇవ్వండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి మీ వినియోగదారులు