ట్యాగుల కిల్, లాక్ పాస్‌వర్డ్‌ల విషయంలో మా కొత్త పద్ధతి

మా వద్ద ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు (రేడియో తరంగాలతో తాకకుండానే చదవగల గుర్తింపు చిప్‌లు), వాటిని చదివే రీడర్లు తీసుకుంటున్న వస్త్ర దుకాణాలు, నగల దుకాణాలు, ఆసుపత్రులు, గ్రంథాలయాల యాజమాన్యాలకు నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి మేము పంపే యూహెచ్‌ఎఫ్ (కొన్ని మీటర్ల దూరం నుంచి చదవగల) ట్యాగులన్నీ, పాస్‌వర్డ్ లేనిదే నంబరు మార్చలేకుండా లాక్ చేసి మీ చేతికి వస్తాయి; అడిగినవారికి వాటిలో కిల్ పాస్‌వర్డ్, అంటే ట్యాగును శాశ్వతంగా పనిచేయకుండా చేసే పాస్‌వర్డ్ కూడా రాసి ఇస్తాము. దీనివల్ల మీ పనిలో ఏమి మారుతుందో, ఎక్కడ ఇబ్బంది ఎదురుకావచ్చో ముందుగానే దాపరికం లేకుండా చెప్పడం కోసం ఈ వివరణ.

ఒక దుకాణంలో కొన్న చీరను సంచిలో పెట్టుకుని మరో దుకాణానికి వెళ్తే అక్కడి గేటు మోగిందని, అందరి ముందూ సంచి విప్పి చూపించవలసి వచ్చిందని కొనుగోలుదారులు నొచ్చుకుంటున్నట్టు మీలో కొందరు మాకు తెలిపారు. బిల్లు కట్టాక కూడా చీరకు కుట్టిన ట్యాగు పనిచేస్తూనే ఉంటుంది. దానిలో బ్యాటరీ లేదు కనుక అయిపోయేదంటూ ఏమీ ఉండదు. తమ సరుకు జాబితాలో ఉందో లేదో చూడకుండా ఏ ట్యాగు కనబడినా మోగేలా అమర్చిన గేట్లు ఇంకా ఉన్నాయి. అందుకే బిల్లు కాగానే ట్యాగును చంపేసే ఏర్పాటు కావాలని అడుగుతున్నారు.

ఆ ఏర్పాటు యూహెచ్‌ఎఫ్ ట్యాగులకు మనం వాడే జెన్‌2 అనే సాంకేతిక ప్రమాణంలోనే ఉంది. ప్రతి ట్యాగులోనూ రిజర్వ్‌డ్ మెమరీ అనే భాగంలో కిల్ పాస్‌వర్డ్, యాక్సెస్ పాస్‌వర్డ్ (లాక్ చేసిన భాగాలను మార్చడానికి కావలసినది) అని రెండింటికి చోటు ఉంటుంది. ఒక్కొక్కటి 32 బిట్లు, అంటే హెక్సాడెసిమల్‌లో 8 అంకెలు. ఫ్యాక్టరీ నుంచి సాధారణంగా రెండూ సున్నాలతో వస్తాయి. కిల్ పాస్‌వర్డ్ సున్నాగా ఉన్నంతకాలం ట్యాగు కిల్ కమాండ్‌ను అంగీకరించదు. అయితే యాక్సెస్ పాస్‌వర్డ్ కూడా సున్నాయే కనుక, చేతి రీడర్ ఉన్న ఎవరైనా ముందు తమకు నచ్చిన కిల్ పాస్‌వర్డ్ రాసి, ఆ వెంటనే ట్యాగును చంపేయవచ్చు, లేదా ఖరీదైన పట్టుచీర ట్యాగులో చవక చీర నంబరు రాసేయవచ్చు. మా దృష్టిలో కిల్ కంటే ముందు పట్టించుకోవలసింది ఇదే.

లాక్ కమాండ్ ఇక్కడే అవసరమవుతుంది. కిల్ పాస్‌వర్డ్, యాక్సెస్ పాస్‌వర్డ్, ఈపీసీ (వస్తువు నంబరు), టీఐడీ (చిప్ సొంత నంబరు), యూజర్ మెమరీ (అదనపు సమాచారానికి చోటు) అనే ఐదింటికీ విడివిడిగా లాక్ పెట్టవచ్చు. ఈపీసీని లాక్ చేస్తే దాన్ని చదవడం అందరికీ సాధ్యమే, మార్చడం మాత్రం యాక్సెస్ పాస్‌వర్డ్ తెలిసినవారికే. పాస్‌వర్డ్‌లను లాక్ చేస్తే చదవడం కూడా ఆగిపోతుంది. ఈపీసీని మాత్రమే లాక్ చేసి యాక్సెస్ పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేయడం తలుపుకు తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించడం లాంటిది. ఎవరైనా దాన్ని చదివి వాడుకోగలరు. అందువల్ల రెండింటినీ కలిపే లాక్ చేస్తున్నాము. పర్మలాక్ మాత్రం మీ సంతకంతో కూడిన లేఖ లేనిదే చేయము, ఎందుకంటే ఒకసారి పర్మలాక్ పడిన భాగాన్ని మళ్లీ తెరిచే దారి లేదు.

ఇక కౌంటరు దగ్గర కిల్ సంగతి. రీడర్ ముందు ట్యాగును ఎంచుకుని దాని నుంచి 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను అడుగుతుంది, పాస్‌వర్డ్‌లోని మొదటి సగాన్ని ఆ సంఖ్యతో కలిపి మరుగుపరచి పంపుతుంది, తరువాత కొత్త సంఖ్య అడిగి రెండో సగాన్నీ అలాగే పంపుతుంది. రెండూ సరిపోతే ట్యాగు చివరిసారి బదులిచ్చి, ఆపై ఏ రీడర్‌కూ పలకదు. చదవడానికి సరిపోయే శక్తి ఈ పనికి సరిపోదు కాబట్టి, కొన్ని మీటర్ల దూరం నుంచి చదవగలిగే ట్యాగునైనా కౌంటరు మీది ప్యాడ్‌పై ఆనించి పెట్టాలి. జరీ ఎక్కువగా ఉన్న పట్టుచీరల్లో లోహపు పోగులు తరంగాలకు అడ్డుపడతాయి, కనుక మడతల మధ్య ఉన్న ట్యాగును పైకి తీసి పరచాలి. సిబ్బందికి ముఖ్యంగా చెప్పవలసిన మాట ఒకటుంది: ట్యాగు కనబడకపోవడం అది చచ్చిపోయిందనడానికి రుజువు కాదు, జరీ చాటున ఉండి పలకకపోయి ఉండవచ్చు. కిల్ కమాండ్‌కు ఆ చివరి బదులు వచ్చినప్పుడే మా సాఫ్ట్‌వేర్ ఆకుపచ్చ గుర్తు చూపిస్తుంది.

వ్యాపారం పోతుందని తెలిసినా ఒక సలహా ఇస్తున్నాము. ట్యాగు ధర కార్డులో ఉంటే మీకు కిల్ ప్యాడ్ అవసరం లేదు. బిల్లు సమయంలో కార్డు కత్తిరించి తీసేస్తే చాలు. బట్టలో కుట్టేసిన లేబుళ్లకే కిల్ ప్యాడ్ పనికివస్తుంది. పైగా మీరు మార్పిడికి గడువు ఇస్తున్నట్లయితే, తిరిగి వచ్చిన ప్రతి చీరకూ కొత్త ట్యాగు వేసి మళ్లీ నమోదు చేయవలసి ఉంటుంది. యూరప్‌కు చేనేత పంపే ఒకరిద్దరి విషయం వేరు: దుకాణాలు అమ్మకం వద్దే ట్యాగులను నిర్వీర్యం చేయాలని యూరోపియన్ కమిషన్ 2009లోనే కొన్ని మినహాయింపులతో సిఫారసు చేసింది, కాబట్టి అక్కడి కొనుగోలుదారులు అడిగే అవకాశం ఉంది. చంపకుండా ట్యాగు నంబరును మరుగుపరిచే అన్‌ట్రేసబుల్ కమాండ్ 2013 నాటి జెన్‌2 రెండో వెర్షన్‌లో వచ్చింది కానీ, అది ఐచ్ఛికం. మేము ప్రస్తుతం తెప్పిస్తున్న చిప్‌లలో లేదు.

నగల దుకాణాలు అమ్మిన నగ నుంచి ట్యాగు తీసి మరో నగకు వాడుకుంటాయి, ఆసుపత్రి దుప్పట్ల ట్యాగులు ఏళ్ల తరబడి పనిచేయాలి. వీటిలో కిల్ పాస్‌వర్డ్‌ను సున్నాగానే ఉంచి పర్మలాక్ చేయించుకోమని మా సూచన. అప్పుడు ఆ ట్యాగును ఎవరూ ఎప్పటికీ ఈ కమాండ్‌తో చంపలేరు. గ్రంథాలయాలు వాడేది దగ్గర నుంచి చదివే హెచ్‌ఎఫ్ ట్యాగు, దాని కమాండ్లు వేరు కాబట్టి ఈ మార్పు వాటికి వర్తించదు. అయితే పుస్తకం ఇచ్చారో లేదో తెలిపే ఏఎఫ్‌ఐ అనే బైటును చూసి గేటు మోగేలా పెట్టుకున్నవారు దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ లాక్ చేయకండి. చేస్తే పుస్తకం ఇచ్చినా, తిరిగి తీసుకున్నా ఆ బైటు మారదు.

పాస్‌వర్డ్ అన్ని ట్యాగులకూ ఒకటే పెడితే పని సులువు, కానీ ఒక్కటి బయటపడితే దుకాణమంతా బయటపడినట్టే. పక్క చీర ట్యాగు పొరపాటున ఎంపికైతే అదీ చచ్చిపోతుంది. కాబట్టి ప్రతి ట్యాగుకూ దాని టీఐడీ నుంచీ, మీకు మాత్రమే ఇచ్చే మాస్టర్ కీ అనే రహస్య సంఖ్య నుంచీ వేరువేరు పాస్‌వర్డ్ లెక్కకట్టి రాస్తాము. మాస్టర్ కీ ప్రతిని మేము ఉంచుకోము. అది పోగొట్టుకుంటే లాక్ అయిన ట్యాగులను మేముగానీ, చిప్ తయారీదారుగానీ తెరవలేము. సీలు వేసిన రెండు కవర్లలో ఇద్దరు బాధ్యుల దగ్గర ఉంచండి. ఈ అదనపు పని వల్ల ఆర్డరు చేరడానికి రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు. ట్యాగు ధర పెంచడం లేదు. ఇప్పటికే సరుకుకు వేసిన ట్యాగులను మీ దుకాణానికే వచ్చి లాక్ చేస్తాము, అందుకు ప్రయాణ ఖర్చు మాత్రం మీరు భరించవలసి ఉంటుంది.

మీకు ఏది కావాలో ఈ నెల 25వ తేదీ లోపు మీ ఆర్డరు నంబరుతో సహా తెలియజేయండి. సమాధానం రాని ఆర్డర్లకు ఈపీసీ, యాక్సెస్ పాస్‌వర్డ్ లాక్ చేసి, కిల్ పాస్‌వర్డ్‌ను సున్నాగానే ఉంచి, దానికి పర్మలాక్ కాకుండా మామూలు లాక్ వేసి పంపుతాము. తరువాత కిల్ కావాలనుకుంటే మీ యాక్సెస్ పాస్‌వర్డ్‌తో మీరే ఆ చోట కొత్త పాస్‌వర్డ్ రాసుకోవచ్చు.