అమ్మ ఆయాసానికి కారణం కనిపెట్టిన వారికి కృతజ్ఞతలు

హనుమకొండ శివారులోని ఒక బేకరీ యూనిట్‌లో మైదా బస్తాలు విప్పి, జల్లెడ పట్టి, మిక్సర్‌లో గుమ్మరించే పని చేసిన మా అమ్మకు వచ్చిన ఆయాసం ఆ పిండి ధూళి వల్లనేనని గుర్తించి దారి చూపిన వారందరికీ మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

మొదట వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఛాతీ వైద్యులకు. అంతకుముందు చూపించుకున్న చోటల్లా దమ్ము అని మందులు రాసి పంపారు తప్ప, ఏం పని చేస్తావని ఎవరూ అడగలేదు. ఈ డాక్టరు గారు "పనికి పోని రోజు ఎట్లుంటదమ్మా?" అని అడిగారు. బతుకమ్మ పండుగకు పరకాలలోని తల్లిగారింటికి పోయినప్పుడు రాత్రుళ్లు హాయిగా నిద్రపట్టిందని అమ్మ చెప్పింది. తుమ్ములు, ముక్కు కారడం ముందు మొదలై, పిల్లికూతలు తర్వాత వచ్చాయా అని కూడా ఆయన ఆరా తీశారు. గోధుమ పిండిలోని ప్రొటీన్లు, బ్రెడ్ పిండిలో కలిపే ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ నెలలు, ఏళ్ల తరబడి పీల్చిన తర్వాత కూడా అలర్జీ తెచ్చిపెట్టగలవని, ఒకసారి వచ్చాక కొద్దిపాటి ధూళి చాలునని, అందువల్ల ఇన్‌హేలర్‌తో నెట్టుకురావడం కంటే త్వరగా ధూళికి దూరం కావడమే ముఖ్యమని విడమరిచి చెప్పారు.

ఊపిరిని ఎంత వేగంగా బయటికి ఊదగలమో కొలిచే పీక్ ఫ్లో మీటరు వాడకం నేర్పిన సిస్టర్ గారి ఓపిక మరువలేనిది. నిలబడి, నిండుగా గాలి పీల్చి, పెదవులు బిగించి ఒక్క ఊపున ఊదాలి; మూడుసార్లు ఊది, వాటిలో పెద్ద అంకెను రాయాలి. పని ఉన్నా లేకున్నా రోజుకు 4 వేళల్లో ఇలా చేయాలి. చదువు రాని అమ్మకు మిక్సర్ దగ్గరి అక్కలే వేళ గుర్తుచేసి అంకెలు రాసిపెట్టారు. పని రోజుల్లో 230కి పడిపోయి, సెలవు రోజున 310కి లేచిన ఆ కాగితమే డాక్టరు గారి అనుమానాన్ని బలపరిచింది. ఆ అక్కలకు మేము ఎంతో రుణపడి ఉన్నాము.

జీతం తగ్గించకుండా అమ్మను పిండి ధూళి చేరని డబ్బాల గదికి మార్చిన యజమాని గారికి నమస్కారాలు. మిక్సర్ పైన ధూళిని లాగే ఫ్యాను పెట్టించి, చీపురుతో ఊడవడం మాన్పించి వాక్యూమ్ తెప్పించడం మిగతా వారికీ మేలు చేసింది. ధూళి పుట్టే చోటనే దాన్ని లాగేసే ఏర్పాటు ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లోనే ఉండేది. అయినా అడిగిన వెంటనే చేయడం మాకు పెద్ద ఊరట.

పిండి మిల్లుల్లో, వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి, పసుపు పట్టే చోట పనిచేసేవారికి సెలవుల్లో తగ్గి పనిలో పెరిగే దగ్గు ఉంటే, డాక్టరుకు మీ పని గురించి తప్పక చెప్పండి. అమ్మ వాడిన పీక్ ఫ్లో పట్టిక నమూనా కావలసిన వారికి ఇస్తాను.