కలపే కూలి అయితే చెట్టు మిగలదు

సంపాదకులకు నమస్కారం.

ఈశాన్య రుతుపవనాలు రాకముందే, ప్రతి ఏడూ లాగే, తిరుపతి వీధుల్లో చెట్ల తలలు నరికే పని మొదలైంది. తుపాను వస్తే చెట్లు ఇళ్ల మీదా కరెంటు తీగల మీదా పడతాయని జనం భయపడతారు. ఆ భయం నిజమైనదే. అయితే ఇప్పుడు చేస్తున్న పని ప్రమాదాన్ని తగ్గించదు, రెండు మూడేళ్లకు వాయిదా వేసి ఇంకా పెంచుతుంది. చెట్లెక్కి కొమ్మలు కొట్టడమే నా జీవనాధారం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది పాకాల దగ్గర పల్లె. మా నాన్న చింతచెట్లు గుత్తకు తీసుకునేవారు. కాయ దులిపే రోజుల్లో పిల్లలమంతా కొమ్మల మీదే ఉండేవాళ్లం. చింతకొమ్మ వంగుతుంది గానీ అంత తేలిగ్గా విరగదు. నేరేడు, మునగ అలా కావు, చెప్పాపెట్టకుండా విరుగుతాయి. ఏ కొమ్మ మనిషిని మోస్తుందో, ఏది మోయదో నాకు అక్కడే తెలిసింది. ఇప్పుడు కొర్లగుంటలో ఉంటూ మా బావమరిదితో కలిసి ఈ పని చేస్తున్నాను. నేను పైన, అతను కింద. మాకు జీతమిచ్చే యజమాని అంటూ ఎవరూ లేరు. ఫోను వస్తే పని, రాకపోతే లేదు.

ఫోను చేసినవారు మొదట అడిగేది "మొత్తం ఎంతకు కొడతారు?" అని. ఇంటి మీదికి వాలిన పెద్ద వేపచెట్టయితే ఇద్దరికీ రోజంతా పడుతుంది, మూడు వేలు ఇవ్వండి అంటాను. "కట్టెల వ్యాపారి పైసా అడగలేదు, కలప తీసుకుపోతే చాలన్నాడు" అంటారు. చెట్టుకు చేటు వచ్చేది ఇక్కడే. ఎండిన కొమ్మలు రెండు, గోడకు రాసుకునే కొమ్మ ఒకటి తీస్తే ఆ వ్యాపారికి ట్రాక్టరు బాడుగ కూడా గిట్టదు. అతనికి లావు కొమ్మలు కావాలి, వీలైతే మానే కావాలి. వేప మొద్దు తలుపులకు, గుమ్మాలకు పోతుంది. నిద్రగన్నేరు ఇటుక బట్టీకి పోతుంది. నేను అతన్ని తప్పుపట్టడం లేదు, ఊరికే ఎవరు పనిచేస్తారు? కానీ కూలి కలప రూపంలో ఇస్తున్నంతకాలం అవసరానికి మించి నరకడం ఆగదు.

వీధి చెట్ల దగ్గరా ఇదే లెక్క. ఒక గుత్తేదారు కింద కొంతకాలం పనిచేశాను. పొద్దు వాలేలోగా ఇన్ని చెట్లు అయిపోవాలనేవారు, కలప మాత్రం వారిదే. ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీయాలి అని చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూసే తీరిక కూడా ఉండేది కాదు. మనసొప్పక మానుకున్నాను.

తల నరికిన చెట్టు నెల తిరక్కముందే గుబురుగా చిగురిస్తుంది. చూసినవారు చెట్టు కోలుకుందని సంతోషిస్తారు. ఆకులన్నీ ఒక్కసారిగా పోయాయి కాబట్టి, ఆహారం తయారుచేసుకోవడానికి బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నిటినీ చెట్టు ఒక్కసారే లేపుతుంది. కోసిన అంచు చుట్టూ పదీ పదిహేను రెమ్మలు లేస్తాయి. మామూలు కొమ్మ మాను లోపలిదాకా పాతుకుని ఉంటుంది, ఈ రెమ్మలకు మాత్రం పైపొరల్లోనే పట్టు. ఈలోగా నరికిన మోడులో నీరు నిలిచి లోపల పుచ్చుతుంది. రెండు మూడేళ్లకు రెమ్మలు మనిషి తొడంత లావై, గాలి గట్టిగా వీచిన రోజున బెరడుతో సహా ఊడి కింద పడతాయి. వాటిని తీయడానికి మళ్లీ మమ్మల్నే పిలుస్తారు. అలాంటి చెట్టు ఎక్కడమంటే నాకు ఇప్పటికీ భయమే. తాడు కట్టుకోవడానికి నమ్మదగిన కొమ్మ ఒక్కటీ దొరకదు.

ఇక వేళ్లతో సహా కూలే చెట్ల సంగతి. 2021 నవంబరు వరదల తర్వాత, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తర్వాత పడిపోయిన చెట్లను తొలగించే పనికి వెళ్లాను. నేను చూసినవాటిలో చాలావాటికి ఒక పక్క వేళ్లు అంతకుముందే తెగి ఉన్నాయి. మురుగుకాలువ కోసమో, కేబులు కోసమో, ప్రహరీ కోసమో ఎవరో నరికేశారు. చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పై రెండు అడుగుల మట్టిలోనే పక్కలకు పరుచుకుని ఉంటుంది. ఆ మట్టిని తవ్వి, మిగిలినదాని మీద మాను మొదలు దాకా సిమెంటు పోసి, చెట్టు పడుతుందన్న భయంతో తల నరుకుతున్నాం. చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు ఉండకూడదని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీకి ఆదేశమిచ్చింది. మన వీధుల్లోనూ ఆ మీటరు మట్టి వదిలితే మంచిది.

కొమ్మ కొట్టడానికి ఒక పద్ధతి ఉంది. కొమ్మ మానును కలిసే చోట మడత పడినట్టు కొంచెం ఉబ్బు ఉంటుంది. గాయాన్ని మూసే శక్తి అక్కడే ఉంది. ముందు ఆ ఉబ్బుకు అడుగు దూరంలో కింది నుంచి కొంత కోయాలి. తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి కోయాలి. అప్పుడు కొమ్మ బెరడును చీల్చుకుపోకుండా పడుతుంది. మిగిలిన మోడును ఉబ్బుకు తగలకుండా, దాని అంచు దగ్గరగా తీసేయాలి. తారు, పేడ, రంగు ఏమీ పూయనక్కరలేదు. ఏళ్ల తరబడి అంచుల నుంచి కొత్త కట్టె పెరిగి గాయం దానంతటదే మూసుకుంటుంది. రేకుల మీద ఉన్న కొమ్మనైతే తాడు కట్టి, ఆ తాడును మాను చుట్టూ రెండు చుట్లు తిప్పి, మా బావమరిది మెల్లగా వదులుతూ కిందికి దించుతాడు. రోజంతా పట్టేది ఇందుకే. కలప కోసం కొట్టేవారికి ఇంత ఓపిక ఎందుకుంటుంది?

ఆ తొందరే మనుషుల్నీ బలి తీసుకుంటోంది. నాకు తెలిసిన ఒకతను లైను ఆపారన్న ఫోను మాట నమ్మి చెట్టెక్కాడు. లైన్‌మన్ దగ్గర లేడు, తీగకు ఎర్తు వేయలేదు, అంటే పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా తీగను భూమికి కలపలేదు. కరెంటు తగిలి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. పని చేయించినవారు మొదటిరోజు ఆసుపత్రి ఖర్చు ఇచ్చి ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఆయనకు బీమా లేదు. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, ఒక చెయ్యి పోతే లక్ష వస్తుంది. మే నెలాఖరుకు బ్యాంకు ఖాతాలో ఆ 20 రూపాయలు లేకపోతే అది ఆగిపోతుంది. నా తోటివారు ఈ ఉత్తరం చదివితే దయచేసి ముందు ఆ పని చూసుకోండి. మిషన్ రంపం ఒంటిచేత్తో పట్టకండి. బ్లేడు కొన పైభాగం కొమ్మకు తగిలితే రంపం వెనక్కి తన్ని ముఖం మీదికే వస్తుంది. కోసేటప్పుడు రెండు చోట్ల తాడు కట్టుకోండి, ఒకటి పొరపాటున తెగినా రెండోది ఆపుతుంది. కింద ఉన్న మనిషికి పైకెక్కి మనల్ని దించడం తెలిసి ఉండాలి.

కొబ్బరిచెట్లు ఎక్కేవారికి కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో శిక్షణ మొదలుపెట్టింది, వారికి బీమా పథకమూ ఉంది. తెలంగాణలో గీత కార్మికులకు 2024 నుంచి కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, పట్టీలు ఉన్న కిట్లు ఇస్తున్నారు. పట్టణాల్లో వేప, రావి, తురాయి ఎక్కే మాకు అలాంటిదేదీ రాలేదు. శేషాచలం పక్కనే ఉన్న ఊరు కాబట్టి, బండికి రంపం కట్టుకుని అలిపిరి వైపు వెళ్తుంటే ఆపి అడగడం న్యాయమే. ఎర్రచందనం మన సొత్తు, దాన్ని కాపాడుకోవాలి. కానీ ఏ పనికి పోతున్నావని అడిగితే చూపించడానికి నా దగ్గర గుర్తింపు కార్డు లేదు.

పట్టణాల్లో చెట్ల పని అప్పగించే అధికారులను నేను కోరేది ముఖ్యంగా ఒక్కటే. కొమ్మలు కొట్టే పనిని, కలప అమ్మకాన్ని విడదీయండి. కొట్టినవారికి పనిని బట్టి డబ్బు ఇవ్వండి, కలపను విడిగా వేలం వేయండి. వేలంలో వచ్చిన డబ్బుతో మాకు తాళ్లు, హెల్మెట్లు, నాలుగు రోజుల శిక్షణ, ఒక గుర్తింపు కార్డు ఇవ్వవచ్చు. తీగల దగ్గర పని ఉంటే లైన్‌మన్ ఎదుట ఎర్తు వేసిన తర్వాతే మనిషిని ఎక్కించాలని ఆ ఒప్పందంలోనే రాయండి.

ఇళ్లలో చెట్లున్నవారికి కూడా ఒక మనవి. మాను మొత్తం తీయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద, మినహాయింపు ఉన్న కొన్ని జాతులకు తప్ప, ముందుగా అనుమతి కావాలి. కలప తీసుకుని ఉచితంగా కొట్టిపోతానన్నవారిని ఆ కాగితం అడగండి. వానలకు ముందు తీయవలసినవి ఎండుకొమ్మలు, చీలినవి, ఒకదానితో ఒకటి రాసుకుంటున్నవి మాత్రమే. మాను మొదట్లో గట్టి పుట్టగొడుగులు కనిపిస్తే లోపల పుచ్చు ఉందేమోనని అనుమానించాలి, తెలిసినవారిని పిలిచి చూపించండి. ఇవన్నీ వినాయక చవితి నాటికే చేయించుకోండి. అక్టోబరులో వాన మొదలైతే బెరడు జారుతుంది, మేము ఎక్కలేం.

ఇట్లు,
చెట్లెక్కి కొమ్మలు కొట్టే కార్మికుడు,
కొర్లగుంట, తిరుపతి.