ఏరియా ఆసుపత్రి ఆక్సిజన్ పడకల నిధి: 2021 ఏప్రిల్ నుంచి డిసెంబరు 31 వరకు జమా ఖర్చుల వివరణ

దాతలకు, పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల పెద్దలకు కమిటీ నమస్కారాలు. కరోనా రెండో విడత ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో మన ఏరియా ఆసుపత్రిలో ఆక్సిజన్ పడకలు పెంచడానికి మీరిచ్చిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పడం మా బాధ్యత. సంక్రాంతిలోగా లెక్కలు మీ ముందు పెడతామని ముందే చెప్పాము. అయితే ఆక్సిజన్ ప్లాంటు గురించి ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో రకరకాల మాటలు తిరుగుతున్నందున, ఆ ఒక్క పద్దు గురించి మిగతావాటికన్నా విపులంగా రాయవలసి వచ్చింది.

జమ: రసీదు పుస్తకాల మీద పట్టణంలో, గ్రామాల్లో వసూలైనది రూ. 11,84,500. రైసుమిల్లర్లు, వర్తక సంఘం వారు రూ. 14,00,000. విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన ఊరి వారు రూ. 13,26,000. ఉపాధ్యాయులు, ఇతర ఉద్యోగుల ఒకరోజు జీతం రూ. 3,12,000. హైస్కూలు పూర్వ విద్యార్థులు రూ. 2,35,000. గుడి, చర్చి, మసీదు కమిటీలు కలిపి రూ. 1,41,000. బ్యాంకు వడ్డీ రూ. 18,650. మొత్తం జమ రూ. 46,17,150. పింఛను డబ్బులోంచి రెండు వందలు తెచ్చి రసీదు కూడా వద్దన్న అవ్వలకూ తాతలకూ ఈ కమిటీ ఎప్పటికీ రుణపడి ఉంటుంది.

ఖర్చు: 30 ఇనుప మంచాలు, పరుపులు, సెలైన్ స్టాండ్లకు రూ. 2,95,500. 20 పెద్ద సిలిండర్లకు రూ. 3,60,000. ఫ్లో మీటర్లు, రెగ్యులేటర్లకు రూ. 63,000. ముప్పై పడకలకూ రాగి పైపులైను వేయించడానికి రూ. 4,86,000. సిలిండర్ల నింపుడు, లారీ కిరాయిలకు రూ. 1,37,400. పల్స్ ఆక్సీమీటర్లు, పీపీఈ కిట్లు, ఎన్-95 మాస్కులకు రూ. 1,12,800. రోగుల వెంట వచ్చినవారికీ సిబ్బందికీ భోజనాలకు రూ. 88,200. తాత్కాలికంగా తీసుకున్న నలుగురు నర్సులకు, ఇద్దరు టెక్నీషియన్లకు రెండు నెలల గౌరవ వేతనం రూ. 1,80,000. సొంతవాళ్లే దగ్గరికి రావడానికి భయపడిన రోజుల్లో ఆ ఆరుగురూ రాత్రింబవళ్లు వార్డులోనే ఉన్నారు కనుక, ఆ మొత్తం ఎక్కువని ఎవరైనా అంటే మేము ఒప్పుకోలేము. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఒక్కో రోగికి ఇచ్చే చిన్న యంత్రాలైన ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు ఆరింటికి రూ. 4,32,000 అయింది. వాటిలో ఇళ్లకు వాడకానికి ఇచ్చిన రెండు ఇంకా తిరిగి రాలేదు, తీసుకున్నవారు దయచేసి ఆసుపత్రికి అప్పగించాలి.

ఇక ఆక్సిజన్ తయారీ ప్లాంటు. దీనికి జీఎస్టీతో కలిపి రూ. 20,58,000, షెడ్డుకూ దిమ్మెకూ రూ. 1,18,300, కేబుళ్లు, ప్యానెల్, ట్రాన్స్‌ఫార్మర్ పనులకు రూ. 1,64,700 అయ్యాయి. కేసులు తగ్గిపోయాక సెప్టెంబరులో వచ్చిన యంత్రానికి ఇంత డబ్బు ఎందుకు పోశారన్నది ప్రధానమైన ఆరోపణ.

నిర్ణయం తీసుకున్నది సెప్టెంబరులో కాదు, మే 13న. అంతకు మూడు రోజుల ముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. మన దగ్గర పరిస్థితి కూడా అంచు మీదే ఉంది. నిమిషానికి అయిదు లీటర్ల చొప్పున ఒక్క రోగికి ఆక్సిజన్ పెడితే రోజుకు 7,200 లీటర్లు కావాలి, పెద్ద సిలిండరులో పట్టేది సుమారు 7,000 లీటర్లు. అంటే మనిషికి రోజుకో సిలిండరు, పది లీటర్లు పెట్టవలసి వస్తే రెండు. ముప్పై పడకలు నిండిన రోజున మన ఇరవై సిలిండర్లూ సాయంత్రానికే ఖాళీ అయ్యేవి. భుజాల ఎత్తు ఉండే సిలిండరును అడుగు అంచు మీద దొర్లించుకుంటూ తెచ్చి, పానాతో నట్టు బిగించి, వాల్వు దగ్గర సబ్బు నురగ రాసి లీకు లేదని చూసుకునేంతలో పక్క మంచం దగ్గర ఇంకొకటి అయిపోయేది. నింపించడానికి వెళ్లిన లారీ రాత్రంతా క్యూలో నిలబడేది.

అప్పట్లో దేశంలో ఆక్సిజన్ అసలే లేక కాదు ఈ కష్టం వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ద్రవ ఆక్సిజన్ ఏప్రిల్ 22న రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లింది. మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే దాన్ని మోయగలిగే ప్రత్యేకమైన ట్యాంకర్లు చాలక, నింపడానికి సిలిండర్లు చాలక మనలాంటి చిన్న ఊళ్లు అల్లాడాయి. అందుచేత ఇంకో నలభై సిలిండర్లు కొన్నా వాటిని నింపించుకోవడానికి అదే క్యూలో నిలబడక తప్పదని, ఆసుపత్రి ఆవరణలోనే గాలి నుంచి ఆక్సిజన్ తీసుకునే యంత్రం ఉంటే ఎవరి కోసమూ ఎదురుచూడనక్కరలేదని వైద్యులు చెప్పిన మీదటే కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మనం కొన్నది నిమిషానికి 200 లీటర్లు ఇచ్చే ప్లాంటు. ఆగకుండా నడిస్తే రోజుకు దాదాపు 41 పెద్ద సిలిండర్లతో సమానం.

తక్కువ కొటేషను వదిలి ఎక్కువదానికి ఎందుకు వెళ్లారని రెండో ప్రశ్న. పన్ను కాక వచ్చిన మూడు కొటేషన్లు రూ. 17,40,000, రూ. 19,60,000, రూ. 23,25,000. మొదటివారు మొత్తం సొమ్ము ముందే కట్టమన్నారు, కంప్రెసర్ ఏ కంపెనీదో కాగితం మీద రాసివ్వలేదు. రెండోవారు సగం అడ్వాన్సుకు, మిగతా సగం యంత్రాన్ని ఇక్కడ నడిపి చూపాక తీసుకోవడానికి, గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచి ఆక్సిజన్‌ను వదిలే జియోలైట్ అనే పదార్థానికి రెండేళ్ల వారంటీకి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. దాతల సొమ్ము చేతిలో ఉన్నవాళ్లం కనుక రెండు లక్షల ఇరవై వేల తేడా కన్నా ఆ హామీయే ముఖ్యమనుకున్నాము, ఇప్పటికీ అదే అనుకుంటున్నాము.

మే 19న అడ్వాన్సుగా రూ. 10,97,600 కట్టాము. జులైలో రావలసిన యంత్రం సెప్టెంబరు 14న వచ్చింది. ఆ జియోలైట్ విదేశాల నుంచి రావాలి. ఆ నెలల్లో దేశమంతటా ఆసుపత్రులు ఒక్కసారిగా ఇవే ప్లాంట్లకు ఆర్డర్లు ఇవ్వడంతో జియోలైటూ, కంప్రెసర్లూ రెండూ దొరకలేదని సరఫరాదారు రాసిన ఉత్తరాలు ఫైలులో ఉన్నాయి. జులైలో రద్దు చేసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. రద్దు చేస్తే అడ్వాన్సులో నాలుగో వంతు కోత పడేది, మూడో విడత వస్తుందని వైద్యులు అప్పుడే హెచ్చరిస్తున్నారు. ఈ ఆలస్యంలో ఒక మేలు కూడా జరిగింది. జూన్ 12న జీఎస్టీ మండలి ఇలాంటి పరికరాల మీద పన్నును సెప్టెంబరు నెలాఖరు వరకు 12 నుంచి 5 శాతానికి తగ్గించడంతో, ముందు అంచనా బిల్లు కన్నా రూ. 1,37,200 తగ్గింది. ఆ సొమ్ములోంచే విద్యుత్ పనులకు చాలా భాగం సర్దగలిగాము.

యంత్రం వచ్చాక కూడా నవంబరు దాకా నడవలేదన్న మాట నిజమే. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆ లోడు మోయలేదు, కొత్తది మంజూరై వచ్చేసరికి రెండు నెలలు పట్టింది. నవంబరు మూడో వారంలో నడిపి, స్వచ్ఛత 93 శాతం చూపించాకే మిగిలిన రూ. 9,60,400 చెల్లించాము. ఈ రోజున ప్రసూతి వార్డుకూ అత్యవసర విభాగానికీ అక్కడి నుంచే ఆక్సిజన్ వెళుతోంది, సిలిండర్లు నిల్వకు మిగిలాయి. ఒమిక్రాన్ రకం కరోనా కేసులు పెరుగుతున్న ఈ 2022 జనవరిలో అది మన ఆవరణలో ఉండడం మాకు ఎంతో ధైర్యంగా ఉంది.

షెడ్డు వేసిన మేస్త్రి కోశాధికారి గారికి బంధువు అన్నది దాచిన సంగతి కాదు. ఆ పని అప్పగించిన సమావేశం నుంచి కోశాధికారి గారు తప్పుకున్నట్టు మినిట్సులో ఉంది. సిమెంటు, ఇనుము, రేకులు కమిటీయే నేరుగా కొన్నది, మేస్త్రికి ఇచ్చింది కూలి రూ. 42,000 మాత్రమే. అంతకన్నా తక్కువకు చేస్తామని ఆ రోజు ఎవరూ ముందుకు రాలేదు.

జనరేటరు ఎందుకు లేదని అడిగేవారికి కూడా సమాధానం చెప్పాలి. కరెంటు పోతే ప్లాంటు ఆగుతుంది, అప్పుడు సిలిండర్ల మీదికి మారుతున్నాము. జనరేటరుకు వచ్చిన కొటేషను రూ. 4,60,000. సభల్లో, ఫోన్లలో ఇస్తామని చెప్పి ఇంతవరకు జమ కాని విరాళాలు రూ. 8,40,000 ఉన్నాయి. ఇందులో రూ. 3,50,000 విదేశీ పౌరసత్వం తీసుకున్న మన వారివి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేనిదే ఆ సొమ్ము తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు కనుక మేమే వద్దన్నాము, వారి మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. భారత పౌరులుగా ఉంటూ తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపిన వారికి ఈ అడ్డంకి లేదు. మిగతా రూ. 4,90,000 ఊళ్లోనే ఉన్నవారివి. పేర్లు రాయడం మా పద్ధతి కాదు. కానీ నలుగురి ముందు వేదిక మీద చెప్పిన ఆ మాటలు నమ్మే మేము జనరేటరుకు వేరే దారి చూడలేదు. మూడుసార్లు ఇంటికి వచ్చినా రేపు, ఎల్లుండి అన్నవారే ఈ రోజు లెక్కలేవని గట్టిగా అడుగుతుంటే బాధగా ఉంది.

బ్యాంకు చార్జీలు, స్టేషనరీ, ఆడిటు రుసుము రూ. 9,850. మొత్తం ఖర్చు రూ. 45,05,750. నిల్వ రూ. 1,11,400 బ్యాంకు ఖాతాలోనే ఉంది. ప్లాంటు ఫిల్టర్ల మార్పిడికీ, మొదటి ఏడాది నిర్వహణకూ తప్ప దాన్ని ముట్టుకోరాదని తీర్మానించాము. కొన్న వస్తువులన్నీ ఆసుపత్రి స్టాకు రిజిస్టరులో ఎక్కాయి, సూపరింటెండెంటు గారి సంతకంతో రసీదులు ఉన్నాయి.

వోచర్లు, కొటేషన్లు, ఉత్తరాలు, బ్యాంకు పాసుపుస్తకం 2022 జనవరి నెలాఖరు వరకు ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి ఒంటిగంట దాకా వర్తక సంఘం భవనంలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, నకళ్లు తీసుకోవచ్చు. బాకీ ఉన్న విరాళాలు కూడా అక్కడే రసీదు తీసుకుని కట్టవచ్చు. రూ. 4,60,000 పూర్తి కాగానే జనరేటరుకు ఆర్డరు పెడతాము.

ఇట్లు,
అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, కమిటీ సభ్యులు